కదలని దుంప: సైప్రస్ కొండల సైక్లమెన్‌పై ఒక సమీక్ష

మధ్యధరా సముద్రపు తూర్పు మూలన ఉన్న సైప్రస్‌లో సైక్లమెన్లు మూడు రకాలు పెరుగుతాయి. పెర్సికమ్, గ్రీకమ్ అనే రెండూ చుట్టుపక్కల తీరాల్లోనూ ఉన్నవే. మూడోది సైక్లమెన్ సిప్రియమ్. అది ఆ ద్వీపంలో తప్ప సహజంగా మరెక్కడా లేదు. 2006లో సైప్రస్ ప్రభుత్వం దాన్ని జాతీయ మొక్కగానూ, బంగారు ఓక్‌ను జాతీయ వృక్షంగానూ ప్రకటించింది. ఎంపికలో పొందిక ఉంది. ఆ ఓక్ చెట్ల నీడ, బ్రూటియా పైన్ల నీడ ఈ మొక్కకు ఇష్టమైన చోట్లు. 1974 నుంచి ద్వీపాన్ని రెండుగా విడదీసిన గీతకు అటూ ఇటూ ఉన్న కొండలు రెండింటి మీదా ఇది పూస్తుంది. రాజకీయం చేయలేని పనిని పూలు చేశాయని అక్కడివాళ్లు మురిసిపోతే తప్పు పట్టలేం.

నూట అరవై ఏళ్లుగా ఈ మొక్క మీద, దీని బంధువుల మీద రాసినవాళ్లు రకరకాలవాళ్లు. పేర్లు పెట్టినవాళ్లు కొందరు, తోటల్లో పెంచినవాళ్లు కొందరు, జన్యువులు చదివినవాళ్లు, రాబోయే ఎండల లెక్క కట్టినవాళ్లు మరికొందరు. ఒకరి ప్రశ్నకు మరొకరి ప్రశ్నతో పనిలేనట్టే రాస్తూ పోయారు. అవన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం ఒక్క సంగతి పదేపదే అడ్డు తగులుతుంది. ఈ మొక్క దాదాపు కదలదు. ఇది ఇక్కడికి ఎలా వచ్చిందన్న చర్చకూ, రేపు ఉంటుందా అన్న భయానికీ మూలం అదే. దీన్ని కాపాడేందుకు చేసిన చట్టాలు మాత్రం వేరే ప్రమాదాన్ని చూసి చేసినవి.

ముందు మొక్క సంగతి. దుంప గుండ్రంగా, పైన కాస్త అణిగి ఉంటుంది. ఎండాకాలమంతా ఆకు అలికిడి లేకుండా నేలలో పడి ఉంటుంది. సెప్టెంబరు చివర తొలి వానలు పడ్డాక పూలు లేస్తాయి. జనవరి దాకా ఏదో ఒక వాలు మీద పూస్తూనే ఉంటాయి. పూమూతి నేలకేసి చూస్తుంది, ఐదు రేకులూ వెనక్కి మడుచుకుని ఆకాశంవైపు నిలబడతాయి. రేకుల రంగు తెలుపు లేదా అతి లేత గులాబి. ప్రతి రేకు మొదట్లో ముదురు ఊదారంగు గుర్తు ఉంటుంది. మంచి వాసన కూడా ఉంది. ఆకు తమలపాకు ఆకారంలో ఉంటుంది. పైన లేత ఆకుపచ్చ మచ్చలు, అడుగున ఊదా. ఆ లేత మచ్చలు రంగు పదార్థం వల్ల వచ్చినవి కావు. పైపొర కింద గాలి నిలిచిన సందులు వెలుతురును వెనక్కి కొట్టడంతో అలా కనిపిస్తాయి. మేసే జంతువుల కంటికి ఆకు రూపు చెదిరినట్టు కనిపించడానికే ఆ మచ్చలని కొందరంటారు. పురుగు తొలిచిన ఆకులా కనిపించి కొత్త పురుగులను దూరంగా ఉంచడానికని మరికొందరంటారు. రెండు వాదాలూ వినసొంపుగానే ఉన్నాయి గానీ, సైక్లమెన్ విషయంలో తీర్పు చెప్పేంత గట్టి సాక్ష్యం ఏ పక్షానా లేదు.

దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు థియోడర్ కోచీ. సైప్రస్‌కు ఒకటికి మూడుసార్లు వెళ్లాడు. ఫ్రాంజ్ ఉంగర్‌తో కలిసి 1865లో వెలువరించిన సైప్రస్ ద్వీప గ్రంథంలో ఈ జాతికి పేరు, వర్ణన ఇచ్చాడు. తర్వాత 1898లో ఫ్రీడ్రిష్ హిల్డెబ్రాండ్ మొత్తం సైక్లమెన్ ప్రజాతి మీద పుస్తకం రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఒట్టో ష్వార్జ్, ఆ తర్వాత క్రిస్టఫర్ గ్రే-విల్సన్ దాన్ని మళ్లీ మళ్లీ సర్దారు. సైప్రస్ మొక్కలన్నిటికీ ఇప్పటికీ మొదట తెరిచే గ్రంథం ఆర్.డి. మైకల్ రెండు సంపుటాల్లో, 1977లోనూ 1985లోనూ తెచ్చినది. ఇందరు చూసినా సిప్రియమ్ అనే జాతి గుర్తింపు మీద తగవు రాలేదు. తగవంతా దాని పైన ఉన్న గూళ్ల గురించే: ఏ ఉపప్రజాతిలో, ఏ విభాగంలో, ఏ శ్రేణిలో పెట్టాలని. ఇరవై పైచిలుకు జాతులున్న చిన్న ప్రజాతికి ఇన్ని అరలెందుకని 2004లో జేమ్స్ కాంప్టన్, క్లెనెట్, అలెస్టెయిర్ కల్హమ్ ఒక వ్యాసంలో నిలదీశారు. పేర్లు పెట్టే పద్ధతినే బోనెక్కించినట్టు ఆ వ్యాసానికి శీర్షిక పెట్టారు. నాకు వాళ్ల పక్షమే సబబనిపిస్తుంది. ఈ మొత్తం మొక్కల గుంపే ప్రిమ్యులేసీ కుటుంబం నుంచి మిర్సినేసీకి పోయి, 2009 నాటి వర్గీకరణతో మళ్లీ పెద్ద ప్రిమ్యులేసీలోకి వచ్చి చేరింది. ఇంతలో కొండ మీద దుంప ఒక్క అంగుళం జరగలేదు.

ఒకే ద్వీపంలో మూడు జాతులు ఉన్నప్పుడు అవి కలిసిపోకుండా ఎలా ఉన్నాయన్నది సహజమైన ప్రశ్న. జవాబులో సగం కాలెండరులో ఉంది. పెర్సికమ్ పల్లపు రాళ్లలో, చలికాలం నడుమ మొదలై వసంతం దాకా పూస్తుంది. గ్రీకమ్ ద్వీపం ఉత్తర భాగంలో శరదృతువులో పూస్తుంది. సిప్రియమ్ ఎక్కువగా 300 నుంచి 1,100 మీటర్ల ఎత్తు మధ్య కొండ నీడల్లో ఉంటుంది. మిగతా సగం కణంలోనే ఉంది. సిప్రియమ్‌కు క్రోమోజోములు 30, పెర్సికమ్‌కు 48, గ్రీకమ్‌కు 84. ఒక వాలు మీద ఒకేసారి పూసినా వీటి మధ్య సంతానం నిలవడం కష్టం. పొరుగువాటితో కుదరని ఈ పొత్తు సముద్రం అవతలి దానితో కుదిరింది. లెబనాన్ కొండల్లో లిబానోటికమ్ అనే జాతి ఉంది, దానికీ క్రోమోజోములు 30. నెదర్లాండ్స్‌లో ఈ రెంటినీ కలిపి సంకరం పుట్టించారు. వాగెనింగెన్ ఆచార్యుడు వెలెన్‌సీక్ పేరు మీద దాన్ని వెలెన్‌సీకియై అంటారు. జన్యుక్రమాల పోలిక కూడా ఈ రెంటినీ దగ్గరే కూర్చోబెడుతోంది. లిబానోటికమ్ కథ దానికదే ఒక చిన్న నవల. 1895లో దొరికింది, హిల్డెబ్రాండ్ పేరు పెట్టాడు, ఆ పైన దశాబ్దాల పాటు అంతరించిందనే అనుకున్నారు, 1961లో మళ్లీ కనిపించింది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. దగ్గరి చుట్టం లెబనాన్‌లో ఉంది. నడుమ సుమారు వంద మైళ్ల సముద్రం. ఈ మొక్క గింజ ఎలా ప్రయాణిస్తుందో చూస్తే ఆ దూరం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

పువ్వు రాలాక కాయ కట్టిన తొడిమ పై కొసనుంచి మెలికలు తిరుగుతూ చుట్టుకుని కాయను నేల దగ్గరికి దించుతుంది. సైక్లమెన్లలో పెర్సికమ్ ఒక్కటే ఇలా చుట్టుకోదు, దాని తొడిమ ఊరికే వంగుతుంది. ఈ చుట్టుకోవడం పాతకాలపు ప్రకృతి పరిశీలకులను భలే ఆకట్టుకుంది. ఎరాస్మస్ డార్విన్ 1789లో పద్యంలోకి ఎక్కించాడు. మనవడు చార్లెస్ డార్విన్ మొక్కల కదలికల మీద 1880లో రాసిన పుస్తకంలో పెర్సికమ్ తొడిమను గమనించి రాశాడు. మొక్క తన గింజలను తానే భూమిలో నాటుకుంటుందని ఆనాటివారి నమ్మకం. ఇప్పటి చూపులో అది అంత అవసరం లేని మాట. కాయ నేలమట్టంలో, ఆకుల చాటున, మేకల నోటికి అందకుండా నెలల తరబడి ముదురుతుంది. వేసవిలో పగిలితే గింజలు జిగటగా ఉంటాయి. ఒక్కో గింజకు తీపి, కొవ్వు ఉన్న చిన్న తునక అంటుకుని ఉంటుంది. దానికోసం చీమలు వస్తాయి. పుట్టకు మోసుకుపోయి తునక తిని గింజను పారేస్తాయి. మట్టిలో చీకటి దొరుకుతుంది, చీకట్లోనే ఈ గింజ బాగా మొలుస్తుంది. ఇంతకంటే చక్కటి ఏర్పాటు ఉండదనిపిస్తుంది, దూరం లెక్క చూసేదాకా. చీమలు గింజలను ఎంత దూరం మోస్తాయో ప్రపంచమంతటి కొలతలు సేకరించి 1998లో గోమెజ్, ఎస్పాదలెర్ అనే ఇద్దరు ఒక సగటు తేల్చారు. అది ఒక మీటరు కంటే కాస్త తక్కువ.

పైగా దుంప పిల్ల పెట్టదు. చేమ, అల్లం మాదిరి పక్కకు పాకదు. మొలక దశలో కాండం మొదలు ఉబ్బి దుంపగా మారుతుంది, అదే జీవితాంతం లావెక్కుతూ పోతుంది. ద్విదళ బీజాల సమూహంలో పుట్టి కూడా మొలకెత్తినప్పుడు ఒక్క ఆకునే బయటపెట్టే వింత మొక్క ఇది. పూత పట్టడానికి రెండు మూడేళ్లు, అడవిలో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఒకసారి నిలదొక్కుకుంటే దశాబ్దాలు బతుకుతుంది.

అలాంటిది సముద్రం ఎలా దాటింది? రెండు వాదాలున్నాయి. మొక్క దాటలేదు, నేలే విడిపోయిందని మొదటి వాదం. ఒకప్పుడు ఈ వంశం విస్తారంగా ఉండేదని, సముద్రాలు పెరిగి కొండలు లేచి ముక్కలైపోయిందని, ఒక్కో ముక్కలో ఒక్కో జాతి తయారైందని దాని సారం. ఎప్పుడో అరుదుగా కొట్టుకుపోయిన గింజో దుంపో, పక్షి కాలికంటిన మట్టో తీరం చేరి ఉంటుందని రెండో వాదం. సైప్రస్ నేల చరిత్రే మొదటి వాదాన్ని ఇబ్బంది పెడుతుంది. ట్రూడోస్ పర్వతం పాత సముద్రగర్భపు పలక. దాదాపు తొమ్మిది కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పుట్టి, చాలా ఆలస్యంగా నీళ్ల పైకి లేచింది. ఒక ఖండం నుంచి విరిగిపడిన ముక్క కాదు. దాంతో భూమార్గం కావాలనేవాళ్లు సుమారు 59 లక్షల ఏళ్ల కిందటి నుంచి 53 లక్షల ఏళ్ల కిందటి దాకా సాగిన కాలాన్ని పట్టుకుంటారు. జిబ్రాల్టర్ దగ్గర దారి మూసుకుపోయి మధ్యధరా సముద్రం చాలావరకు ఎండిన కాలమది. అప్పుడు సైప్రస్‌కు తూర్పు తీరంతో పొడి నేల మార్గం ఏర్పడిందా, ఏర్పడినా ఉప్పు పేరుకున్న ఆ నేల మీద చెట్ల నీడ కోరే మొక్క మీటరు చొప్పున నడవగలిగిందా? నాకు ఈ రెండో ప్రశ్నే ఎక్కువ బరువైనదిగా కనిపిస్తుంది. దాన్ని అడిగినవాళ్లు తక్కువ.

2009లో క్రిస్ యెసన్, టూమీ, కల్హమ్ ఈ తగవును కాలంతో కొలిచి చూశారు. జన్యు వంశవృక్షానికి కాలమానం తగిలించి, జాతుల చీలికలను సముద్రాల చరిత్రతో పోల్చారు. పద్ధతి మంచిది. అయితే ఇలాంటి కాలగణనలో ప్రతి చీలికకూ లక్షల ఏళ్ల అటూ ఇటూ వెడల్పు ఉంటుంది. సముద్రం ఎండిన ఆరు లక్షల ఏళ్ల కాలం ఆ వెడల్పులో ఇమిడిపోతుంది. అందువల్ల తేదీల మీద కంటే పటం మీద నాకు గురి ఎక్కువ. పటంలో చూడండి. 1986లో సోమాలియా ఉత్తర కొండల్లో ఒక సైక్లమెన్ దొరికింది. థులిన్, వర్ఫా 1989లో దాన్ని సొమాలెన్స్‌గా వర్ణించారు. మిగతా బంధువులకు అంత దూరంగా, ఎడారులకు అవతల, కొండ నీడలో మిగిలిన ఆ మొక్కను ఏ చీమా, ఏ అలా అక్కడికి మోసిందంటే నమ్మబుద్ధి కాదు. ఈ వంశం ఒకప్పుడు చాలా వెడల్పున పరుచుకుని, తర్వాత కొండలెక్కి ముక్కలైందనడానికి అది బలమైన సాక్ష్యం. సిప్రియమ్‌ది ప్రత్యేకం. దాని కిందున్న నేలే ఆలస్యంగా లేచింది గనక ఎప్పుడో ఒక్కసారైనా సముద్రం దాటక తప్పలేదు. లక్షల ఏళ్లలో ఒక్కసారి జరిగితే చాలు.

పశ్చిమాన కథ ఇంకా స్పష్టంగా ఉంది, ఎందుకంటే అక్కడ పొలంలో దిగి పనిచేసినవాళ్లు ఎక్కువ. క్రీట్‌లో, కార్పథోస్‌లో తెల్లటి క్రెటికమ్. రోడ్స్, కోస్‌లలో రోడియమ్. మయోర్కా మొదలైన బాలియారిక్ ద్వీపాల్లో బాలియారికమ్. కోర్సికా, సార్డీనియా, ఇటలీల్లో గులాబి రెపాండమ్. నాలుగూ ఒక వంశం. మోంపెలియేలో లారాన్స్ ఆఫ్ర్, జాన్ థాంప్సన్, మాక్స్ దెబ్యూష్ 1990ల నుంచి వీటిని వరసగా చదివారు. బాలియారికమ్ దక్షిణ ఫ్రాన్స్ సున్నపురాతి లోయల్లో కూడా చిన్నచిన్న ముక్కలుగా ఉంది. నీళ్లు చుట్టూ లేకపోయినా ఆ లోయలు ఈ మొక్కకు ద్వీపాలే. ఈ ఒక్క ఆలోచనతో వాళ్లు ద్వీపం అన్న మాటకే కొత్త అర్థం తెచ్చారు. బాలియారికమ్ పువ్వు చిన్నది, పాలిపోయింది, పురుగులు వచ్చేది తక్కువ. కీలాగ్రం రెపాండమ్‌లో లాగా బయటికి పొడుచుకు రాదు. దాంతో సొంత పుప్పొడితోనే ఎక్కువగా కాయ కడుతుంది. ఒంటరి చోట చిక్కుకున్న మొక్క పురుగుల మీద ఆశ వదులుకున్నట్టు. కోర్సికాలో బాలియారికమ్, రెపాండమ్‌ల సంకర జాడలు కూడా వాళ్లు చూపారు. జాతి అంచుల్లో ఉన్న ఇలాంటి కలగలుపు చోట్లను కల్తీ అని తోసిపారేయకుండా కాపాడాలని 2010లో వాదించారు. శుద్ధ జాతుల జాబితాలతో నడిచే సంరక్షణ చట్టాలకు ఆ మాట ఇంకా మింగుడుపడలేదు.

పుప్పొడి మోసేవాళ్ల విషయంలో మంచి పని జరిగింది పెర్సికమ్ మీద. పువ్వు నిర్మాణం చూస్తే పెద్ద తేనెటీగలు వేలాడి, రెక్కల కండరాలతో కంపించి పుప్పొడి రాల్చుకోవడానికి చేసినట్టుంటుంది. ఇజ్రాయెల్‌లో రీనా ష్వార్జ్-త్సకోర్, ఆమోస్ దాఫ్నీ బృందం కాపు కాసి చూస్తే వచ్చింది వేరే అతిథి: మైక్రోప్టెరిక్స్ అనే బియ్యపుగింజ కంటే చిన్న ఆదిమ చిమ్మట. చాలా చిమ్మటలకు లేని దవడలతో పుప్పొడి నమిలి తింటుంది. రూపం చూసి జీవితం ఊహించడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క పరిశీలన చెబుతుంది. సిప్రియమ్ పూసే అక్టోబరు, నవంబరుల్లో ఎగిరే పురుగులు వేరు గనక పెర్సికమ్ ఫలితాన్ని దానికి అతికించడం సరికాదు.

ఇక మందుల సంగతి. దీని మీద కాగితాలు ఎక్కువ, సారం తక్కువ. దుంపలో సపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయలో నురగ తెప్పించే పదార్థాల కోవకు చెందినవే. మన వాగుల్లో మంగకాయ దంచి చేపలకు మత్తెక్కించినట్టే దక్షిణ ఇటలీ, సిసిలీ ప్రాంతాల్లో సైక్లమెన్ దుంపను దంచి నీళ్లలో కలిపేవాళ్లు. రెండుచోట్లా పనిచేసేది సపోనినే. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ ఈ దుంపకు పేజీలు కేటాయించాడు. గర్భిణి దాన్ని దాటితే గర్భం పోతుందన్నాడు. రసాన్ని తేనెతో ముక్కులో పోస్తే తల తేలికవుతుందన్నాడు. మొదటి మాటను నమ్మి లండన్‌లో జాన్ జెరార్డ్ తన తోటలో ఆడవాళ్లు పొరపాటున దాటకుండా ఈ మొక్క చుట్టూ పుల్లలు అడ్డం పెట్టానని 1597 నాటి గ్రంథంలో రాసుకున్నాడు. రెండో మాటకు మన కాలంలో వ్యాపారం వచ్చింది. యూరప్ అడవుల జాతి దుంప సారంతో సైనసైటిస్‌కు ముక్కులో కొట్టుకునే స్ప్రే అమ్ముతున్నారు. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సమీక్ష 2018లో దాన్ని పరిశీలించింది. లెక్కలోకి తీసుకోదగ్గ ప్రయోగాలు రెండే దొరికాయి, మేలు చేస్తుందో లేదో తేల్చలేమని చెప్పింది. రెండువేల ఏళ్ల వాడుకకు అది చిన్న జమాఖర్చే. ఆకుల్లో విషం తక్కువ. పాలస్తీనా పల్లెల్లో పెర్సికమ్ ఆకుల్లో బియ్యం చుట్టి వండుకుంటారు.

దుంప తవ్వకం గురించి మాట్లాడకుండా సైక్లమెన్ సంరక్షణ చర్చ ఎక్కడా నడవదు. 1970, 80లలో తుర్కియే కొండల నుంచి అడవి దుంపలు భారీగా తవ్వి నెదర్లాండ్స్ టోకు వ్యాపారుల ద్వారా యూరప్ తోటలకు పంపేవాళ్లు. హెడెరిఫోలియమ్, సిలిసియమ్, కౌమ్ వంటివి ఆ సరుకు. ఎండిపోయిన దుంపల్లో చాలావరకు తోటల్లో మళ్లీ లేవలేదు, తలకిందులుగా నాటినవి కొన్ని. అంతరించే జాతుల వాణిజ్యంపై 1975లో అమల్లోకి వచ్చిన సైటీస్ ఒప్పందం మొత్తం సైక్లమెన్ ప్రజాతిని రెండో అనుబంధంలో చేర్చింది. పూర్తి నిషేధం కాదు, అనుమతి పత్రాలతో, పరిమితులతో వ్యాపారం. 1977లో బ్రిటన్‌లో ఏర్పడిన సైక్లమెన్ సొసైటీ అడవి దుంపలకు బదులు గింజలు పంచడం మొదలుపెట్టింది. సభ్యులే కొండలకు వెళ్లి ఎక్కడ ఏది ఉందో నమోదు చేశారు. 1990ల మొదట్లో తుర్కియే ఊళ్లలో రైతులే దుంపలు పండించి అమ్ముకునే పథకాన్ని ఫానా అండ్ ఫ్లోరా ఇంటర్నేషనల్ స్థానిక సంస్థతో కలిసి నడిపింది. ఇవన్నీ మెచ్చుకోవలసిన పనులే. తవ్వేవాడికి మరో కూలి దారి చూపకుండా తవ్వకం ఆపలేమని మొదట గ్రహించిన పథకాల్లో అదొకటి.

కాకపోతే ఆ టోకు వ్యాపారంలో సిప్రియమ్ ఎప్పుడూ పెద్ద సరుకు కాదు. మంచుకు తట్టుకోలేదు గనక ఉత్తర యూరప్ తోటల్లో దీన్ని అద్దాల కింద పెంచుకునే సరదా మనుషులే కొంటారు, వాళ్లకు గింజనుంచి పెంచిన మొక్కలు దొరుకుతున్నాయి. చలికాలం వస్తే లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ సూపర్‌మార్కెట్లలో తెలుగువాళ్లు కొని కిటికీలో పెట్టుకునే కుండీ సైక్లమెన్ దీనికి దూరపు బంధువు. అది పెర్సికమ్ నుంచి నూట యాభై ఏళ్లకు పైగా పెద్ద పూలకోసం పెంచుతూ వాసన పోగొట్టుకున్న రకం. పోయిన వాసనను తిరిగి తెచ్చేందుకు జపాన్‌లోని సైతామాలో మరో జాతితో కలపాల్సి వచ్చింది. కాబట్టి జాతీయ మొక్కను కాపాడుతున్నది సైటీస్ అనుకోవడం మనసుకు ఊరటే తప్ప పెద్దగా నిజం కాదు. ఆ చట్టం ఆపేది మనుషుల చేతుల మీదుగా జరిగే కదలిక. సిప్రియమ్‌కు ఇవాళ ఉన్న ఇబ్బంది తాను కదలలేకపోవడం.

2006లో యెసన్, కల్హమ్ సైక్లమెన్ జాతులన్నిటికీ 2050ల వాతావరణ నమూనాలు వేసి చూశారు. వాటికి తగిన ప్రాంతం బాగా తగ్గుతుందని, అనుకూలమైన చోట్లు ఉత్తరానికి జరుగుతాయని, కొన్నిటికి అసలు చోటే మిగలకపోవచ్చని తేలింది. చీమల మీద ఆధారపడిన మొక్క ఆ వేగాన్ని అందుకోలేదని, మనుషులే కొత్తచోట్లకు చేర్చడం ఒక ఆశ అని వాళ్లు రాశారు. ఈ అధ్యయనంలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. వాతావరణ పటంలో ఒక గడి కొండవాలు మొత్తాన్ని మింగేస్తుంది. సిప్రియమ్ బతికేది ఉత్తరముఖంగా ఉన్న బండ కింద, ఓక్ ఆకుల చిత్తడిలో, పటానికి అందని చల్లటి మూలల్లో. ఆ మూలలు ఎన్నాళ్లు చల్లగా ఉంటాయన్నది వేరే ప్రశ్న. నమూనా చెప్పినంత వేగంగా మొక్క మాయం కాకపోవచ్చు. అలాగని నిశ్చింతగా ఉండే పరిస్థితీ లేదు.

ఎత్తుల లెక్క చూడండి. ట్రూడోస్ శిఖరం 1,952 మీటర్లు. సిప్రియమ్ ఎక్కువగా ఉండేది 1,100 మీటర్ల లోపు. పైన చోటుంది, నల్ల పైన్ల అడవి ఉంది. ఉత్తరాన పెంటాడాక్టిలోస్ వరుసకు అత్యున్నత శిఖరమే 1,024 మీటర్లు. అక్కడి మొక్కకు ఎక్కడానికి పై మెట్టు లేదు. ట్రూడోస్‌లో చోటున్నా, చీమ ఏడాదికి ఒక మీటరు పైకే మోసిందని ఉదారంగా లెక్కవేసినా కిలోమీటరుకు వెయ్యేళ్లు. నిజానికి చీమ పైకే మోయదు, ప్రతి ఏడూ కొత్త తరం రాదు.

మంటలది మరో సమస్య. 2021 జూలైలో అరకపాస్ దగ్గర మొదలైన మంట యాభై చదరపు కిలోమీటర్లకు పైగా అడవినీ తోటలనూ కాల్చింది, నలుగురు ఈజిప్టు కూలీలు చనిపోయారు. 2025 జూలైలో లిమసోల్ కొండపల్లెల్లో వంద చదరపు కిలోమీటర్లకు మించి కాలింది, ఇద్దరు పోయారు. మనుషుల నష్టం ముందు పువ్వు గురించి మాట్లాడటం చిన్నతనంగా తోస్తుంది, కానీ సమీక్షలో అది వదలకూడదు. వేసవి మంట వచ్చే వేళకు దుంప నిద్రలో ఉంటుంది, కొన్ని అంగుళాల మట్టి దాన్ని వేడి నుంచి కాపాడుతుంది. మంట తర్వాత వచ్చే శరత్కాలంలో కాలిన వాలు మీద పూలు కనిపించవచ్చు. వాటిని ఫొటో తీసి అడవి తిరిగి లేచిందని పత్రికలు రాస్తాయి. దెబ్బ తగిలేది ఆ తర్వాత. నీడ ఉండదు, వాన మట్టిని కడిగేస్తుంది, వేసవిలో నేల ఇంకా కాగుతుంది. పాత దుంప ఓర్చుకుంటుంది. మొదటి ఏడాది ఒక్క ఆకుతో, చిన్న గింజంత దుంపతో వేసవిలోకి వెళ్లే మొలక ఓర్చుకోలేదు.

అందుకే ఈ జాతి ఇప్పుడు అరుదు కాదన్న మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. పాఫోస్ అడవిలో, అకమాస్‌లో, ట్రూడోస్ పాదాల్లో కావలసినన్ని పూలు ఉన్నాయి, నిజమే. దశాబ్దాలు బతికే మొక్కలో పూల సంఖ్య గత పాతికేళ్ల పరిస్థితిని చూపుతుంది. ఇవాళ్టి పరిస్థితిని చూపదు. ఊళ్లో అందరూ ముసలివాళ్లే మిగిలినా జనాభా లెక్కలో తల ఒక్కటీ తగ్గదు. మనుషులు చేర్చాలన్న సలహాకూ ఇదే వర్తిస్తుంది. ద్వీపం బయటికి, ముఖ్యంగా లెబనాన్ వైపు తీసుకుపోతే లిబానోటికమ్‌తో కలిసే జాతిని దాని ఇంట్లోనే దింపినట్టవుతుంది. ఆ కలయిక సాధ్యమని డచ్చివాళ్ల సంకరం ముందే చూపింది. ట్రూడోస్‌లోనే నాలుగైదు వందల మీటర్లు పైకి, అక్కడి గింజనే, చేత్తో చల్లి చూడటం అంతకంటే తెలివైన, చవకైన పని. పెంటాడాక్టిలోస్ గింజను దాంతో కలపకుండా విడిగా దాచాలి. అక్కడి సున్నపురాతి నేల, ట్రూడోస్ అగ్నిశిలల నేల ఒకటి కావు. ఆ మొక్కలు ఒకదానికొకటి బదులుగా పనికొస్తాయని ముందే అనుకోకూడదు.

వీటిలో ఏది చేయాలన్నా ముందు కావలసింది రెండు వైపుల కొండల మీదా ఒకే పద్ధతిలో, గుర్తుపెట్టిన కొన్ని గజాల చోట్లలో లెక్క. కాలిన వాలు, కాలని వాలు, కింది అంచు, పై అంచు. పూలు లెక్కపెట్టే అక్టోబరులో కాదు, వానలు బాగా పట్టి మొలకలు లేచిన జనవరి, ఫిబ్రవరిల్లో. మోకాళ్ల మీద కూర్చుని, ఓక్ ఆకులు తొలగించి, గోటి సైజు ఒంటి ఆకులు ఎన్ని ఉన్నాయో, అవే చోట్ల మరుసటి ఏడు ఎన్ని మిగిలాయో చూడాలి.